మూడు కిలోల నాలుగు వందల గ్రాముల లోటు: బీమా నియంత్రణ సంస్థకు ఒక పాలసీదారు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, సభ్యులకు,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ,
నానక్‌రాంగూడ, హైదరాబాద్.

నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కళాశాలలో కామర్స్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. నా వయసు 46. పదకొండేళ్లుగా ఏ ఒక్క ఏడాదీ గడువు దాటనివ్వకుండా ఆరోగ్య బీమా ప్రీమియం కడుతున్నాను. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల క్రితం, బరువు తగ్గించే ఆపరేషన్‌కు బీమా అనుమతి కోరుతూ, ఈ లేఖకు కారణమైన దరఖాస్తు పెట్టిన రోజున, నా బరువు 84 కిలోలు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ ఆ రోజు 33.6. ఇంత సొంత సంగతి పదిమంది చదివే లేఖలో రాయడానికి సంకోచం లేకపోలేదు. అయితే నన్ను కాదన్న కారణమంతా ఆ అంకెల్లోనే ఉన్నందువల్ల, వాటిని దాచిపెట్టి మిగతా కథ చెప్పడం సాధ్యం కాదు.

నాకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పులు, కాలేయంలో కొవ్వు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. షుగర్ చూసే డాక్టరు గారు, సర్జన్ గారు కలిసి పరిశీలించి, కడుపు పరిమాణం తగ్గించే స్లీవ్ ఆపరేషన్ నాకు మేలు చేస్తుందని రాసిచ్చారు. ఆసుపత్రి బీమా కౌంటరు నుంచి ముందస్తు అనుమతికి కాగితాలు వెళ్లిన మూడో రోజున తిరస్కరణ వచ్చింది. కారణం రాయవలసిన చోట స్థూలకాయ చికిత్సకు సంబంధించిన 'ఎక్స్‌క్లూజన్ 06', అంటే పాలసీ చెల్లించని ఖర్చుల మినహాయింపు, అని మాత్రమే ఉంది. కౌంటరులో కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడు. కంప్యూటరు తెర నా వైపు తిప్పి, లెక్క చూపించి, పక్కవాళ్లకు వినపడకుండా, "మేడమ్, ఇంకో మూడున్నర కిలోలు ఉండి ఉంటే మళ్లీ పంపి చూసేవాళ్లం" అన్నాడు. నా ఎత్తు మనిషికి బీఎంఐ 35 రావాలంటే 87 కిలోల 400 గ్రాములు తూగాలి. అంటే నాకు 3 కిలోల 400 గ్రాములు తక్కువయ్యాయి. మా ఊరికి ఆత్రేయపురం ఎంత దగ్గరో మీకు తెలిసే ఉంటుంది, పూతరేకులతో ఆ లోటు పూడ్చుకోవడం పెద్ద పని కాదు. అలా పెరిగి వచ్చి అనుమతి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారని కూడా ఆ కుర్రాడే చెప్పాడు.

మీ బీమా భరోసా పోర్టల్‌లో గానీ, హైదరాబాదులోని బీమా ఓంబుడ్స్‌మన్ కార్యాలయంలో గానీ నేను ఫిర్యాదు చేయలేదు. కంపెనీ నిబంధన తప్పలేదు కాబట్టి ఫిర్యాదు నిలబడదు. నాకున్న అభ్యంతరం నిబంధన మీదనే. దాన్ని రాసింది మీ సంస్థ, మార్చగలిగిందీ మీ సంస్థే. అందుకే ఈ లేఖ మీకు.

2019 సెప్టెంబరులో మీరు ఆరోగ్య బీమా మినహాయింపులకు ప్రామాణిక భాష నిర్ణయించారు. అంతకుముందు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా రాసుకునే గందరగోళం పోయినందుకు పాలసీదారులు మీకు రుణపడి ఉన్నారు, అది మనస్ఫూర్తిగా అంటున్న మాట. స్థూలకాయానికి మీరు పెట్టిన షరతులు ఇవి: ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి, వైద్య ప్రమాణాలు దాన్ని సమర్థించాలి, రోగికి 18 ఏళ్లు నిండి ఉండాలి, బీఎంఐ 40 గానీ అంతకుమించి గానీ ఉండాలి. 40 లేనివారికి కనీసం 35 ఉండి, దానికి తోడు స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 మధుమేహం అనే నాలుగింటిలో ఒకటైనా ఉండాలి. అదీ, ఆపరేషన్ కంటే తేలికైన బరువు తగ్గించే పద్ధతులు విఫలమైన తర్వాత మాత్రమే.

ఈ నాలుగు జబ్బుల పట్టీ ముందు నన్ను నిలబెట్టి చూడండి. నిద్ర పరీక్షలో గంటకు 22 సార్లు నా ఊపిరికి అడ్డంకి వచ్చిందని తేలింది. 30 దాటితేనే తీవ్రం అంటారు కాబట్టి నాది మధ్యస్థం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4 వచ్చింది. మూడు రకాల మాత్రలు వేళ తప్పకుండా మింగి, పండగ పూట కూడా పరమాన్నం గిన్నెను పక్కకు జరిపి దాన్ని అక్కడ నిలబెట్టుకున్నాను, అందువల్ల అది 'అదుపులో లేని' షుగర్ కాకుండా పోయింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే మోకాళ్లకు పట్టీలో చోటు లేదు. కాలేయంలో కొవ్వుకు లేదు, రక్తపోటుకు లేదు, ఆడపిల్లల్లో హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్‌కు లేదు. మందులు మానేసి, మూడున్నర కిలోలు పెరిగి వచ్చిన మనిషికి తలుపు తీసి, మందులు వేసుకుంటూ తిండి అదుపు చేసుకున్న మనిషికి తలుపు వేసే షరతు ఇది. మీరు అలా ఉద్దేశించి ఉండరని నాకు తెలుసు, కాని అమలులో జరుగుతున్నది అదే.

35, 40 అనే ఈ అంకెలు ఎక్కడివి? 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం చెప్పిన హద్దులవి. అప్పటికి ఈ ఆపరేషన్లు ఎక్కువగా పొట్ట కోసి చేసేవారు, ప్రమాదం ఎక్కువ, జాగ్రత్త సమంజసమే. ముప్పై ఏళ్ల తర్వాత, 2022లో, అమెరికాలో బరువు తగ్గించే (బేరియాట్రిక్) ఆపరేషన్లు చేసే సర్జన్ల సంఘమూ, అలాంటి సర్జన్ల అంతర్జాతీయ సమాఖ్యా కలిసి ఆ హద్దులను పక్కన పెట్టాయి. బీఎంఐ 35 ఉంటే మరో జబ్బు ఉన్నా లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చని, 30కీ 35కీ మధ్య ఉన్నవారిలో షుగర్ లాంటి జీవక్రియ జబ్బులు ఉంటే పరిశీలించాలని, ఆసియా ప్రజలకు 27.5 నుంచే ఆ అవకాశం ఇవ్వవచ్చని ప్రకటించాయి. ఆ అంకెలు పుట్టిన దేశంలోని సర్జన్లే వాటిని దాటి ముందుకు వెళ్లారు, మన పాలసీ పత్రాల్లో మాత్రం అవి అలాగే ఉన్నాయి.

మన శరీరాలకు వేరే కొలత కావాలన్నది కొత్త వాదన కాదు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన తమ ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు చూస్తే యుడ్కిన్ గారిలో 9.1 శాతం, యాజ్ఞిక్ గారిలో 21.2 శాతం. సన్నగా కనపడుతూనే పొట్ట లోపల కొవ్వు మోసే మన తీరును అంతకంటే సూటిగా చెప్పిన బొమ్మ నేను చూడలేదు. 2009లో మన దేశ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం భారతీయుల్లో బీఎంఐ 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని నిర్ణయించి, అనుబంధ జబ్బులు ఉన్నవారికి 32.5 దగ్గర, లేనివారికి 37.5 దగ్గర ఆపరేషన్‌ను పరిశీలించమంది. మీ ప్రామాణిక నిబంధన వచ్చేనాటికి ఆ పత్రానికి పదేళ్లు నిండాయి. ఆ లెక్కలో నేను అర్హురాలినే. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ, దక్షిణాసియా మూలాలున్నవారికి ఆపరేషన్ హద్దును 2.5 తగ్గించి చూడమంటుంది. అంటే మా ఊరి నుంచి వెళ్లి లీసెస్టర్‌లో స్థిరపడిన తెలుగు మనిషి శరీరం భారతీయ శరీరమని లండన్‌లో కూర్చున్నవారు గుర్తించారు. హైదరాబాదులో ఉన్న నియంత్రణ సంస్థ పత్రంలో మాత్రం ఆ గుర్తింపు కనపడదు.

ఆపరేషన్ హద్దు మార్చినంత మాత్రాన నా వాదన పూర్తి కాదు. హద్దు ఎక్కడ గీసినా దాని కింద కొందరు మిగులుతారు, పైగా ఆపరేషన్ అర్హత ఉన్నా వద్దనుకునేవారు, గుండె బలహీనత వల్ల మత్తు తట్టుకోలేనివారు ఉంటారు. వారి సంగతి ఏమిటన్నది అసలు ప్రశ్న. మీ నిబంధనలోని చివరి మాట, తేలికైన పద్ధతులు విఫలమయ్యాక అన్నది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆ పద్ధతులు ఉన్నాయని మీ నిబంధన ఒప్పుకుంటోంది. వాటిని ముందు ప్రయత్నించాలని పట్టుబడుతోంది. వాటికయ్యే ఖర్చు మాత్రం నా పాలసీ ఇవ్వదు, ఎన్నాళ్లు ప్రయత్నిస్తే విఫలమైనట్టో ఎవరూ నిర్వచించలేదు, ఎవరు సంతకం చేస్తే అది రుజువవుతుందో ఎక్కడా రాసి లేదు. మా తరగతి గదిలో అయితే, ఖర్చు పద్దు ఉంచి కేటాయింపు సున్నా రాసిన బడ్జెట్ అని చెప్పేదాన్ని.

ఆ ఖాళీని ఎవరు నింపుతున్నారో మీరు గోదావరి జిల్లాల్లో ఒక్క ఉదయం తిరిగితే తెలుస్తుంది. ప్రతి పేటలోనూ ఒక న్యూట్రిషన్ క్లబ్, దానిలో పొద్దున్నే ఒక గ్లాసు షేకు, గోడ మీద ముందు, తర్వాత ఫొటోలు. కొన్నేళ్ల క్రితం కొబ్బరి నూనె తాగి, నిమ్మకాయలు పిండుకుని, నాలుగు లీటర్ల నీళ్లతో రోజు గడిపే పద్ధతి మా స్టాఫ్ రూమ్‌లో సగం మందిని పట్టుకుంది. నేనూ నలభై రోజులు చేశాను. ఆరు కిలోలు తగ్గాను, ఏడు కిలోలు పెరిగాను. షుగర్ మాత్రలు వేసుకుంటూ హఠాత్తుగా అన్నం మానేస్తే షుగర్ పడిపోతుందని నాకు ముందుగా చెప్పినవారు లేరు, ఒక మధ్యాహ్నం బోర్డు ముందు చాక్‌పీసు జారిపోయినప్పుడు తెలిసింది. ఈ ప్రయత్నాలన్నీ మీ నిబంధన దృష్టిలో విఫలమైన తేలిక పద్ధతులేనా, లేక డాక్టరు పర్యవేక్షణ లేదు కాబట్టి లెక్కలోకి రావా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

పర్యవేక్షణతో జరిగే పద్ధతులకు ఆధారాలు గట్టివి. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం నడిపి 2006లో ఫలితాలు ప్రకటించిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో, షుగర్ అంచున ఉన్నవారికి తిండి, నడక విషయంలో క్రమం తప్పని సలహా అందించినందువల్ల మూడేళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. అందులో పాల్గొన్నవారి బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ ఫలితం వచ్చింది, అందువల్ల తూకం ముల్లు ఒక్కటే కొలబద్ద కారాదని నేను అర్థం చేసుకున్నాను. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ డైరెక్ట్ అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. మామూలు ప్రాథమిక వైద్య కేంద్రాల్లోనే, మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల పోషకాహార ద్రవాలతో సరిపెట్టి, ఆ తర్వాత మామూలు భోజనం మెల్లగా తిరిగి అలవాటు చేశారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందిలో మందులు లేకుండానే మధుమేహం వెనక్కి తగ్గింది, 15 కిలోలు తగ్గినవారిలోనైతే 86 శాతం మందిలో. వీరిలో చాలామంది ఆపరేషన్ హద్దుకు కిందనే ఉన్నవారు, బీఎంఐ 27 నుంచే అందులో చేర్చుకున్నారు. గ్లాసులోని ద్రవం చూస్తే మా పేట క్లబ్బు షేకుకూ దానికీ తేడా తెలియకపోవచ్చు. తేడా అంతా పక్కన కూర్చుని మందులు తగ్గించే డాక్టరులో, వారం వారం పిలిచి అడిగే డైటీషియన్‌లో ఉంది. బీమా ఖర్చు పెట్టవలసింది ఆ మనుషుల మీద.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. రోజుకు మూడుసార్లు అన్నం తినే ఇంట్లో ఆ ఒక్క వాక్యాన్ని కంచంలోకి దించడానికి నాకు డైటీషియన్‌తో ఆరుసార్లు కూర్చోవలసి వచ్చింది, ఆరుసార్లూ ఫీజు నేనే కట్టాను. పప్పు గరిటె పెంచి అన్నం హస్తం తగ్గించడం చెప్పినంత సులువు కాదని మా అత్తగారితో భోజనానికి కూర్చున్నవారికి వేరే చెప్పక్కరలేదు.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని, పాత మందుల చీటీని తిరగేయించడం. నేను ఏళ్ల తరబడి వాడిన షుగర్ మాత్రల్లో ఒకటైన గ్లిమిపిరైడ్ బరువు పెంచే గుణం ఉన్నదని కొత్త డాక్టరు గారు చెప్పాకే తెలిసింది. ఇన్సులిన్‌కూ, మానసిక ఆరోగ్యానికి వాడే కొన్ని మందులకూ, స్టెరాయిడ్లకూ ఆ గుణం ఉంది. రోగికి ఇస్తున్న మందులే బరువు పెంచుతున్నాయా, థైరాయిడ్ లోపం ఉందా అని చూడకుండా నోరు కట్టుకోలేకపోయావని తప్పు పట్టే వైద్యం ఎంత న్యాయమో మీరే ఆలోచించండి. ఇలా కూలంకషంగా పరిశీలించే ఒక గంట సంప్రదింపుకు కూడా నా పాలసీలో చోటు లేదు, ఎందుకంటే అది ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఓపీ.

ఇక బరువు తగ్గించే మందులు. చాలాకాలంగా ఉన్నది ఆర్లిస్టాట్. తిన్న కొవ్వులో మూడో వంతుకు కాస్త తక్కువగా ఒంటికి పట్టకుండా చేస్తుంది, దాని ఫలితం కొద్దిపాటిదే. గుత్తివంకాయ కూరతో పెళ్లిభోజనం చేసి ఆ మాత్ర మింగినవారికి మిగతా రోజు ఎలా గడుస్తుందో ఇక్కడ వివరించను. కొత్త తరం సూదిమందుల సంగతి వేరు. 2021లో వచ్చిన అధ్యయనంలో వారానికొక సెమాగ్లూటైడ్ సూదితో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి సూది తీసుకున్నవారిలో 2.4 శాతమే. 2022లో టిర్జెపటైడ్ అనే మరో సూది ఎక్కువ మోతాదుల్లో 72 వారాలకు సగటున సుమారు 20 శాతం తగ్గించింది. అయితే సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు, కండ కరగకుండా మాంసకృత్తులు, వ్యాయామం తప్పనిసరి, క్లోమం వాపు వచ్చినవారూ, కుటుంబంలో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారూ డాక్టరుకు ముందే చెప్పి తీరాలి. మందుల షాపులో అడిగి కొనుక్కోవలసిన వస్తువులు కావివి.

టిర్జెపటైడ్ 2025 మార్చిలో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు, వారానికొకటి. ఆపరేషన్ తిరస్కరణ తర్వాత డాక్టరు గారి సలహాతో నేను దాన్ని మొదలుపెట్టాను. మొదటి నెల 14,000, తర్వాత మూడు నెలలు 17,500 చొప్పున, మొత్తం 66,500 రూపాయలు అయ్యాయి. ఆ నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను, హెచ్‌బీఏ1సీ 6.5కు దిగింది. ఐదో నెలలో మా అమ్మాయి కాలేజీ ఫీజు వచ్చింది, సూది ఆపేశాను. సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే కాబట్టి, పోటీ పెరిగిన కొద్దీ ధరల లెక్క మారుతుంది. బీమా కంపెనీలతో ఈ చర్చ మొదలుపెట్టడానికి అంతకంటే మంచి సమయం మీకు దొరకదు.

ఆపరేషన్‌కూ మందులకూ మధ్యన ఎండోస్కోపీ పద్ధతులు ఉన్నాయి. కడుపులో కొన్ని నెలలపాటు ఉంచి తీసే బెలూన్ ఒకటి, బయట కోత లేకుండా నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచే కడుపును కుట్టి చిన్నది చేసేది మరొకటి. ఈ రెండో దాని మీద 2022లో లాన్సెట్‌లో వచ్చిన మెరిట్ అధ్యయనంలో, బీఎంఐ 30 నుంచి 40 మధ్య ఉన్నవారు ఏడాదికి సగటున 13.6 శాతం బరువు తగ్గారు, జీవనశైలి సలహా మాత్రమే అందుకున్నవారిలో అది 0.8 శాతం. నాలాంటి మధ్య స్థాయి బీఎంఐ ఉన్నవారి మీదనే పరీక్షించి చూసిన చికిత్స ఇది. అయినా కంపెనీలో అడిగితే ఇదీ స్థూలకాయ చికిత్స కాబట్టి అదే మినహాయింపు, అదే 35 అన్నారు. పెద్ద ఆపరేషన్‌కు పెట్టిన హద్దును చిన్న ప్రక్రియకు కూడా వర్తింపజేస్తే, తేలిక పద్ధతి ముందు ప్రయత్నించమన్న మీ షరతుకు అర్థం ఏముంటుంది?

దీనికి కంపెనీలు చెప్పే అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25, అంతకుమించి ఉన్నవారు ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. వీరందరికీ నెలకు పదిహేను వేల సూది ఇస్తే ప్రీమియం ఎవరూ కట్టలేని ఎత్తుకు పోతుంది, నిజమే. నేను అడుగుతున్నది అది కాదు. బీఎంఐ 30 దాటి మధుమేహమో, కాలేయ జబ్బో, స్లీప్ ఆప్నియానో ఉన్నవారికి, గడువు పెట్టి, ఫలితం చూసి ఇవ్వమంటున్నాను. బ్రిటన్‌లో సెమాగ్లూటైడ్‌కు అలాగే చేశారు. ప్రత్యేక కేంద్రాల ద్వారా, గరిష్ఠంగా రెండేళ్లు, ఆరు నెలల్లో ఐదు శాతమైనా తగ్గకపోతే ఆపడం పరిశీలించాలన్న నియమంతో ఇచ్చారు. ఇంకో సంగతి కూడా కంపెనీలు గుర్తు చేసుకోవాలి. పదకొండేళ్ల క్రితం నేను ఈ పాలసీ తీసుకున్నప్పుడు నా బీఎంఐ 31 చూసి, ముప్పు ఎక్కువని ప్రీమియం మీద పదిహేను శాతం లోడింగ్, అంటే అదనపు వడ్డింపు, వేశారు, ఇప్పటికీ వసూలు చేస్తున్నారు. డబ్బు తీసుకునేటప్పుడు నేను లావు మనిషిని, ఇవ్వవలసి వచ్చేసరికి లావు చాలని మనిషిని. ఏ ముప్పుకైతే అదనంగా తీసుకుంటున్నారో, ఆ ముప్పును తగ్గించే చికిత్సకు అందులో కొంతైనా వెచ్చించమనడం అత్యాశ కాదనుకుంటాను.

అందుచేత మీకు నా విన్నపాలు ఇవి. ఎక్స్‌క్లూజన్ 06లోని 35, 40 అంకెలను మన దేశ నిపుణులు 2009లోనే చెప్పిన 32.5, 37.5కు మార్చండి, వీలైతే 2022 నాటి సూచనలనూ పరిశీలించడానికి జాతీయ పోషకాహార సంస్థ వారితో, మధుమేహ నిపుణులతో, సర్జన్లతో ఒక సంఘాన్ని నియమించండి, అందులో ఒకరిద్దరు పాలసీదారులకు కూడా చోటివ్వండి. 'అదుపులో లేని' అన్న విశేషణాన్ని మధుమేహం ముందు నుంచి తొలగించండి. ఆపరేషన్ కంటే తేలికైన పద్ధతులు అంటే ఏవి, ఎంతకాలం, ఎవరి ధ్రువీకరణతో అన్నది నిబంధనలోనే రాయండి. ఏ పద్ధతిని షరతుగా పెడతారో దాని ఖర్చును, డైటీషియన్ ఫీజు, పర్యవేక్షణ, నిర్ణీత గడువు వరకు మందు, అవసరమైతే ఎండోస్కోపీ ప్రక్రియతో సహా, పరిమితి పెట్టయినా సరే పాలసీలో భాగం చేయించండి. అడుగులు లెక్కపెట్టే యాప్‌కు రెన్యువల్‌లో రాయితీ ఇస్తున్న కంపెనీలకు ఇది పరాయి ఆలోచన కాదు. మోకాళ్లు నడవనివ్వని మనిషికి ఆ యాప్ ఎలాగూ ఉపయోగపడదు.

చివరిగా ఒక సమాచారం కోరుతున్నాను. ఈ మినహాయింపు కింద ఏటా ఎన్ని క్లెయిములు తిరస్కరణకు గురవుతున్నాయో, వారిలో ఎందరు రెండు మూడేళ్లలోపు గుండెపోటుకో, మోకాలి మార్పిడికో, మూత్రపిండాల వైద్యానికో అదే కంపెనీ దగ్గర క్లెయిము పెట్టుకుంటున్నారో కంపెనీల నుంచి తెప్పించి ప్రచురించండి. నా అభ్యర్థన ఖరీదైనదో, ఇప్పటి నిబంధన ఖరీదైనదో ఆ లెక్క చూస్తే తేలుతుంది. కామర్స్ చెప్పేదాన్ని కాబట్టి ఫలితం నాకు వ్యతిరేకంగా వచ్చినా ఒప్పుకుంటాను.

సూది ఆపి నాలుగు నెలలైంది. తగ్గిన ఆరు కిలోల్లో రెండు కిలోల ఆరు వందల గ్రాములు తిరిగి వచ్చాయి, మిగతాది పప్పు గరిటెతో, సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర నడకతో కాపాడుకుంటున్నాను. ఈ ఉదయం నా బరువు 80 కిలోల 600 గ్రాములు. దరఖాస్తు నాడు 3 కిలోల 400 గ్రాములున్న నా లోటు, మీ నిబంధన లెక్కలో, ఇప్పుడు 6 కిలోల 800 గ్రాములు. మీ జవాబు అందేనాటికి దాన్ని ఇంకా పెంచాలన్నదే నా ప్రయత్నం.

భవదీయురాలు,
ఒక పాలసీదారు,
రాజమహేంద్రవరం.